సైకిల్ సందేహాలు: బొగ్గు రైళ్ళు పోయిన దారిలో

కిందటి సంచికలో జర్మనీలోని రూర్ ప్రాంతం గురించి రాశాం. మూతపడ్డ బొగ్గు గనుల మధ్య, కారు గానీ బైకు గానీ రాని కంకర దారుల్లో సైకిలు తొక్కడం గురించి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే. అక్కడ చదువుకుంటున్న పిల్లలు రాస్తారని అనుకున్నాం గానీ గోదావరిఖని, మంచిర్యాల వైపు నుంచి కూడా ఇన్ని వస్తాయని అనుకోలేదు. అన్నిటికీ చోటు లేదు, కొన్నిటికి జవాబులు ఇవి.

అన్నా, నేను ఎస్సెన్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. నా దగ్గర సెకండ్ హ్యాండ్ ట్రెక్కింగ్ సైకిలు ఉంది. ఆ దారుల్లో తిరగాలంటే గ్రావెల్ బైకే (కంకర దారుల కోసం వెడల్పు టైర్లు, వంపు హ్యాండిల్‌తో చేసిన సైకిలు) కావాలని రూమ్మేట్లు అంటున్నారు. ఓ మోస్తరుది కొత్తది 1500 యూరోలు చెబుతున్నారు. పార్ట్‌టైమ్‌లో దాచిందంతా పెట్టి కొనమంటారా?
*ఒక విద్యార్థి, ఎస్సెన్*

కొనొద్దు తమ్ముడూ. వీసా కోసం ఖర్చులకని ముందే డబ్బు వేసిన ఆ బ్లాక్డ్ అకౌంట్ ఖాళీ అయ్యాక, ఇది అద్దెకి పనికొస్తుంది.

మీరు తిరగబోయే దారుల్లో చాలా వరకు ఒకప్పుడు గూడ్సు బండ్లు నడిచిన రైలు కట్టలే. బొగ్గుతోనో ఇనుప ఖనిజంతోనో నిండిన వ్యాగన్లని ఆవిరి ఇంజను లాగాలంటే ఎత్తు ఉండకూడదు, మలుపు గట్టిగా తిరగకూడదు, అందుకని మిట్ట వస్తే తవ్వారు, పల్లం వస్తే కట్ట పోశారు, రోడ్డు అడ్డం వస్తే దాని మీదుగా వంతెన వేసేశారు. గనులు మూతపడి పట్టాలు పీకేశాక సైకిలు వాళ్ళకి మిగిలింది అదే దారి. ఎక్కడం దిగడం దాదాపు లేదు, సిగ్నల్ దగ్గర ఆగే పని తక్కువ, కింద రోడ్ల మీద ట్రాఫిక్ దాని మానాన అది పోతుంటుంది. ఇలాంటి చోట ఖరీదైన సైకిలు చేసి పెట్టే పనేముంది చెప్పండి?

పైన పరిచింది మన దగ్గర ఇళ్ళ ముందు పోసే క్వారీ డస్ట్ లాంటిదే. అడుగున లావు కంకర, దాని మీద సన్న కంకర, అన్నిటికన్నా పైన రాతి పొడి, నీళ్ళు కొట్టి రోలరు తొక్కిస్తారు. తారూ సిమెంటూ కలపరు. ఎండాకాలం దుమ్ము లేస్తుంది, వానొస్తే వెనక చక్రం నుంచి బూడిదరంగు నీళ్ళు ఎగిరి చొక్కా మీద నడుం నుంచి మెడ దాకా చార గీస్తాయి, కానీ చక్రం కూరుకుపోదు. మీ ట్రెక్కింగ్ సైకిలుకి మడ్‌గార్డులు ఉంటాయి కాబట్టి ఆ విషయంలో మీరే నయం, కొత్త గ్రావెల్ బైకుల మీద చాలా వాటికి అవి ఉండవు.

మీరు చూసుకోవాల్సింది టైరు ఒక్కటే. పక్కన చిన్న అక్షరాల్లో 37-622 అనో 40-622 అనో అచ్చు వేసి ఉంటుంది, మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 35 దాటితే చాలు. పెట్రోల్ బంకులో గాలి కొట్టినట్టు రాయిలా బిగించకండి. 40 మిల్లీమీటర్ల టైరు, 70 కిలోల మనిషి అయితే 40 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి చూడండి, టైరు మీద రాసిన కనీసం కన్నా మాత్రం తగ్గించొద్దు. గాలి కాస్త తగ్గితే చేతులకి కంకర దెబ్బ తగలదు, మలుపులో జారడం కూడా తగ్గుతుంది. ఈ ఒక్క మార్పుకి పైసా ఖర్చు లేదు, కానీ రెండు వందల యూరోల పార్టు మార్చిన దానికన్నా ఎక్కువ తేడా తెలుస్తుంది.

గ్రావెల్ బైకు అసలు దండగ అనడం లేదు. రోజుకి ఎనభై, వంద కిలోమీటర్లు తొక్కే అలవాటు అయ్యాక, ఎదురుగాలిలో వంగి కూర్చోవడానికి ఆ వంపు హ్యాండిల్ బాగుంటుంది. అప్పుడు కూడా పాతదే వెతకండి, కొనేటప్పుడు ఫ్రేము నంబరు చూసి, మొదటి ఓనరు బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు లేదు, రేటు మరీ తక్కువ అంటే దొంగ సైకిలేమో అని అనుమానించాల్సిందే. ఇంకోటి, జర్మనీలో బెల్లూ, లైట్లూ, విడివిడిగా పనిచేసే రెండు బ్రేకులూ చట్టం ప్రకారం ఉండాలి, గ్రావెల్ బైకులకి లైట్లు విడిగా కొనాల్సి రావడం మామూలే.

మేం డోర్ట్‌మండ్‌లో ఉంటాం. మా ఆవిడ సైకిలు తొక్కి చాలా ఏళ్ళయింది, ట్రాముల పక్కన తొక్కడం అంటే ఆమెకి టెన్షన్. బాబుకి అయిదేళ్ళు. ఒక్క రోజులో వెళ్ళి రాగలిగేలా, ఎక్కువ కష్టం లేని దారి ఒకటి చెప్పండి. బాబుని ఎవరి సైకిలు మీద ఎలా తీసుకెళ్ళాలి?
*ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డోర్ట్‌మండ్*

ఎర్ట్స్‌బాన్‌ట్రాసె అనే పాత రైలు కట్ట దారికి వెళ్ళండి, ఇంకో ఆలోచన వద్దు. బోఖుమ్‌లో వెస్ట్‌పార్క్ దగ్గర మొదలై గెల్సెన్‌కిర్షెన్‌లో రైన్-హెర్నె కాలువ దాకా సుమారు 9 కిలోమీటర్లు. 1914లో తెరిచిన ఆ కాలువ మీద పడవల్లో ఇనుప ఖనిజం గ్రింబెర్గ్ రేవుకి వచ్చేది, అక్కడి నుంచి ఈ రైలు కట్ట మీదుగా బోఖుమ్ ఉక్కు ఫ్యాక్టరీ కొలిముల దాకా పోయేది. కట్ట కొన్ని చోట్ల పదిహేను మీటర్ల ఎత్తున ఉంటుంది. చెట్ల కొమ్మలు మీ భుజాల దగ్గర ఉంటాయి, కింద ఎవరి పెరట్లోనో ఉతికిన బట్టలు ఆరేసి ఉంటాయి, ఇంకాస్త ముందుకు పోతే మీ కింద నుంచి రైలు పోతుంది. రోడ్డు దాటాల్సిన చోటల్లా వంతెనలే కాబట్టి మీ ఆవిడ గారికి కారు ఎదురయ్యే ప్రసక్తి లేదు.

బోఖుమ్ వైపు నుంచే మొదలుపెట్టమంటాను. వెస్ట్‌పార్క్ కూడా పాత ఉక్కు ఫ్యాక్టరీ స్థలమే, అక్కడ పాముమెలికలా వంగిన వేలాడే వంతెన ఒకటుంది, ఎక్కగానే పిల్లలకి హుషారొస్తుంది. అటు చివర కాలువ దగ్గర జూ ఉంది. వెళ్ళేటప్పుడు సైకిలు, మధ్యాహ్నం జూ, తిరిగి సైకిలు. బాబు అలిసిపోతే గెల్సెన్‌కిర్షెన్‌లోనో వాన్నెలోనో రైలు ఎక్కేయొచ్చు. దారిలో చిన్న కొట్లు తగులుతాయి, కాఫీ, ఆలూ వేపుళ్ళు, సాసేజీలు దొరుకుతాయి. శాకాహారులైతే ఆలూ వేపుళ్ళే దిక్కు, కాబట్టి పులిహోర డబ్బా పెట్టుకోండి.

బాబు సంగతి. సొంతంగా తొక్కగలిగితే ఈ దారి కన్నా మంచి చోటు లేదు, కానీ 18 కిలోమీటర్లు రానూపోనూ అయిదేళ్ళవాడికి ఎక్కువ. పిల్లల సీటు బిగించుకోండి, లేకపోతే వెనక ట్రైలరు అద్దెకి తీసుకోండి. సీటు మీద ఏడేళ్ళు నిండని పిల్లల్నే కూర్చోబెట్టాలి, తొక్కేవాళ్ళకి 16 ఏళ్ళు నిండాలి. మన ఊళ్ళో లాగా మా ఆవిడ అలిసిపోయిందని వెనక క్యారేజీ మీద ఎక్కించుకుని డబుల్స్ కొడతానంటే కుదరదు, మామూలు సైకిలు మీద పెద్దవాళ్ళని ఎక్కించుకోవడం అక్కడ తప్పు, పోలీసులు ఆపుతారు. హెల్మెట్ చట్టం ప్రకారం తప్పనిసరి కాదు. బాబుకి మాత్రం పెట్టండి, మీరూ పెట్టుకుంటే వాడు పేచీ పెట్టడు.

ఆదివారం ఎండ కాసిందంటే ఆ దారి మీద జనం జాతరే. నడిచేవాళ్ళు, కుక్కలు, స్కేటింగ్ చేసేవాళ్ళు. బెల్లు దూరం నుంచే కొట్టండి, దగ్గరికొచ్చి కొడితే ఉలిక్కిపడి అటో ఇటో దూకుతారు. కొత్తగా తొక్కేవాళ్ళతో శనివారం పొద్దున్నే వెళ్ళడం మేలు.

మా నాన్న గోదావరిఖనిలో బొగ్గు బాయిలో కోల్ ఫిల్లర్‌గా చేసి రిటైరయ్యారు. వచ్చే నెల మా దగ్గరికి వస్తున్నారు. కోటలూ చర్చిలూ చూపిస్తే ఆయనకి విసుగు. ఈ గనుల చుట్టూ తిప్పుదామని ఉంది. కానీ మోకాళ్ళ నొప్పి, గుట్టలు ఎక్కలేరు. సైకిలు మాత్రం బాగా తొక్కుతారు, బాయికి సైకిలు మీదే పోయేవారు.
*ఒక గృహిణి, డూయిస్‌బుర్గ్*

అమ్మా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మాకు బాగా నచ్చింది మీదే. రెండు రోజులు కేటాయించండి.

మొదటి రోజు సైకిలు వద్దు. బోఖుమ్‌లో జర్మన్ మైనింగ్ మ్యూజియం ఉంది, 1930లో పెట్టింది. దాని కింద సుమారు ఇరవై మీటర్ల లోతులో చూపించడానికని తవ్విన గని ఉంది, నిజం గని కాదు గానీ యంత్రాలు నిజమైనవే. పైన 71 మీటర్ల హెడ్‌గేరు, అంటే గని బావి మీద నిలబెట్టే ఉక్కు గోపురం, దాని మీదికి లిఫ్టులో పోవచ్చు, మోకాళ్ళకి పని లేదు. మీ నాన్నగారు తట్టలకెత్తి టబ్బుల్లో నింపిన కాలం మనిషి. సింగరేణి అడ్రియాల గనిలో లాంగ్‌వాల్ (పొడవాటి బొగ్గు గోడని యంత్రంతో కోసుకుంటూ పోయే పద్ధతి) గురించి విని ఉంటారు, చూసి కూడా ఉంటారేమో. రూర్ గనుల్లో చివరి దశాబ్దాల్లో అంతా లాంగ్‌వాలే, కటింగ్ మిషను, దాని వెనక పైకప్పుని ఎత్తి పట్టుకునే హైడ్రాలిక్ సపోర్టులు, అవి ముందుకు జరిగితే వెనక గోఫ్, అంటే బొగ్గు తీసేసిన ఖాళీ, కూలడం. అక్కడ గైడు చెప్పేది మీరు అనువాదం చేయడం మొదలుపెట్టేలోపే ఆయన మీకు చెప్పడం మొదలుపెడతారు. గైడుల్లో పాత గని కార్మికులు ఎవరైనా ఉంటే "గ్లూక్‌ఆఫ్" అని పలకరించమనండి, గనిలోకి దిగేటప్పుడు వాళ్ళు చెప్పుకునే పలకరింపు అది, ఇప్పటికీ అంటారు.

రెండో రోజు ఎస్సెన్‌లో ట్సోల్‌ఫెరైన్ గని నుంచి సవారీ. 1932లో మొదలైన అక్కడి 12వ షాఫ్టు (గని బావి) రోజుకి 12,000 టన్నుల బొగ్గు తీసేది. 1986 డిసెంబరులో గని మూసేశారు, పక్కనున్న కోక్ ప్లాంటు 1993 దాకా నడిచింది, 2001లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఎర్ర ఇటుకల గోడలు, రెండు వైపులా ఏటవాలు కాళ్ళ మీద నిలబడ్డ హెడ్‌గేరు. అక్కడి నుంచి క్రాయ్-వాన్నె అనే పాత రైలు కట్ట పట్టుకుంటే ఎర్ట్స్‌బాన్‌ట్రాసెలో కలుస్తుంది, దాని మీద ఉత్తరంగా కాలువకి, కాలువ గట్టు వెంట పడమరగా నోర్డ్‌స్టెర్న్ పార్కుకి, అక్కడి నుంచి మళ్ళీ ట్సోల్‌ఫెరైన్‌కి. ఒక చుట్టు పాతిక ముప్పై కిలోమీటర్లు వస్తుంది, మొత్తం దాదాపు చదునే. నోర్డ్‌స్టెర్న్ కూడా 1993 దాకా గనే, నాలుగేళ్ళకే అక్కడ పెద్ద పూల ప్రదర్శన పెట్టారు. మీ నాన్నగారికి అద్దెకి ఈ-బైకు తీసుకోండి. వద్దంటారు, తీసుకోండి.

గుట్టల సంగతి అడిగారు. అక్కడ వాటిని హాల్డె అంటారు, బొగ్గు కడిగాక మిగిలిన రాయీ షేలూ పోసిన దిబ్బలు. హెర్టెన్ దగ్గర హోహెవార్డ్ హాల్డె సముద్రమట్టానికి 150 మీటర్ల పైన ఉంటుంది, పైన రెండు పెద్ద ఉక్కు చాపాలు మైళ్ళ దూరం నుంచి కనిపిస్తాయి. శిఖరం ఎక్కాల్సిన పని లేదు, సగం ఎత్తులో దిబ్బని చుట్టి వచ్చే కంకర దారి ఒకటుంది, ఈ-బైకు మీద అక్కడి దాకా సులువుగా పోతారు. దారి అంచున ఎక్కడైనా మట్టి కోసుకుపోయిన చోట ఆగి ఒక పెళ్ళ తీసి ఆయన చేతికివ్వండి. వేళ్ళ మధ్య పలకల్లా విడిపోతుంది, నల్లగా బూడిదరంగులో, సబ్బులా జారుతుంది తడిస్తే. ఆయన ఎక్కడ పడితే అక్కడ గుర్తుపడతారు.

ఇంకో విషయం ఆయనే అడుగుతారు, ముందే చెబుతున్నాను. ఇంత బొగ్గు కలిసిన రాయిని పోగేస్తే తనంతట తను అంటుకోదా అని. అంటుకుంది. మొదట్లో శంకువుల్లా పోసిన దిబ్బలు లోపల గాలి ఆడి చాలా వాటికి నిప్పు పట్టింది, ఏళ్ళ తరబడి రగిలాయి. తర్వాత మెట్లు మెట్లుగా, చదునైన తలతో పోశారు. ఆ తర్వాతే పొరలు పొరలుగా పరిచి, ప్రతి పొరనీ యంత్రాలతో అణగదొక్కి, గాలి పోకుండా చేసి, పైన మట్టి కప్పి, చూడ్డానికి కొండలా మలచడం నేర్చుకున్నారు. హోహెవార్డ్ మలచినంత పద్ధతిగా మలచిన దిబ్బ మీదే దారులు అంత నున్నగా వేయగలరు. గెల్సెన్‌కిర్షెన్‌లో రైన్‌ఎల్బె హాల్డె తలభాగం మాత్రం ఇంకా నల్లగా బోడిగా వదిలేశారు, దాని మీద హెర్మన్ ప్రిగాన్ అనే శిల్పి పాత కాంక్రీటు దిమ్మెలు పేర్చి మెట్లు కట్టాడు. మీ చుట్టులో అది క్రాయ్-వాన్నె కట్ట పక్కనే వస్తుంది, కింద నుంచి చూసినా చాలు.

మీ వ్యాసం చదివితే రూర్ అంతా నందనవనం అయిపోయిందనిపించింది. వందేళ్ళకు పైగా కింద తవ్వేసిన నేల కుంగదా? అడుగున నీళ్ళు చేరవా? వాళ్ళకి డబ్బుంది కాబట్టి చెట్లు పెంచి సైకిలు దారులు వేశారు, అసలు నష్టం సంగతి ఎవరూ రాయరు.
*ఒక రిటైర్డ్ ఇంజనీరు, కొత్తగూడెం*

కుంగింది సార్, కొన్ని చోట్ల ఇరవై మీటర్లకు పైగా. చెట్లని చూస్తే తెలియదు గానీ సైకిలు మీద నీటిని గమనిస్తే తెలుస్తుంది. ఎమ్షర్ ఏరు వెంట తొక్కుతుంటే చాలా చోట్ల ఏరు కట్టల మధ్య పైన పారుతుంటుంది, ఇళ్ళు దానికన్నా పల్లంలో ఉంటాయి. నేల పళ్ళెంలా కుంగిపోతే నీళ్ళు వాటంతట అవి ఏట్లోకి పోవు, పంపులతో ఎత్తి పోయాలి. ఇప్పటికీ పోస్తూనే ఉన్నారు. పంపులు ఆపితే జనం కాపురాలున్న చోట చెరువులవుతాయి.

అసలు ఎమ్షర్ కథే పెద్దది. నేల కుంగుతూ ఉంటే భూమిలో డ్రైనేజీ పైపులు పగిలిపోతాయని, గనులు నడిచినంత కాలం ఊళ్ళ మురుగంతా ఆ ఏట్లోకే వదిలారు, కాంక్రీటు పలకలు పరిచి తిన్నటి కాలువ చేసేశారు. గనులు ఉత్తరానికి జరిగిపోయి నేల కుదుటపడ్డాకే పని పట్టగలిగారు. 1992లో మొదలుపెట్టారు, డోర్ట్‌మండ్ నుంచి డిన్స్‌లాకెన్ దాకా 51 కిలోమీటర్ల సొరంగం తవ్వి మురుగుని దాంట్లోకి మళ్ళించారు, 2021 చివరికి గానీ ఏరు మురుగు లేనిదవలేదు. ఖర్చు సుమారు 550 కోట్ల యూరోలు. ఇక పాత గనుల్లో ఊరే నీరు తాగునీటి పొరల్లో కలవకుండా తోడటం, కుంగిన నేల నుంచి నీళ్ళు ఎత్తిపోయడం, ఇవి ఎప్పటికీ ముగియని పనులు. వీటి కోసమే 2007లో ఆర్ఏజీ ఫౌండేషన్ పెట్టారు, ఏటా 20 కోట్ల యూరోలకు పైనే ఖర్చు. 2018 డిసెంబరు 21న బోట్రోప్‌లో చివరి గని ప్రోస్పర్-హానియెల్ మూసి, ఆఖరి బొగ్గు ముక్క దేశాధ్యక్షుడి చేతిలో పెట్టిన రోజు అందరికీ గుర్తుంది, ఆ మర్నాడు కూడా పంపులు తిరిగిన సంగతి గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

డబ్బు మాటకొస్తే, ఉన్నమాట నిజం. కానీ సైకిలు దారులకైన ఖర్చు ఇందులో చిల్లర. రైలు కట్ట ముందే ఉంది, వంతెన ముందే ఉంది, స్థలం ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోకుండా ఒకే చేతిలో ఉంది. 1989 నుంచి పదేళ్ళ పాటు ఎమ్షర్ పార్కు పేరుతో నడిచిన పథకంలో వాళ్ళు చేసిన తెలివైన పని, నా లెక్కలో, కూల్చకపోవడం. పట్టాల స్థలాన్ని ప్లాట్లు చేసి అమ్మేసి ఉంటే ఎంత డబ్బు పోసినా ఈ దారి మళ్ళీ రాదు.

మేం మంచిర్యాల వైపు కుర్రాళ్ళం. ఓపెన్ కాస్టు పక్కన ఓబీ (బొగ్గు పైనుంచి తవ్వి తీసిన) మట్టి గుట్టల మీద ఆదివారం సైకిళ్ళు తొక్కుతున్నాం, రీల్స్ కూడా పెడుతున్నాం. జర్మనీకి ఏం తీసిపోదు. ఇంకా మంచి లైన్లు ఎక్కడున్నాయో చెప్పండి.
*ముగ్గురు మిత్రులు*

చెప్పం. మీరు కూడా ఆపండి బాబూ.

రూర్‌లో తొక్కేది పోసి, అణచి, దశాబ్దాలు కుదురుకున్న దిబ్బల మీద, చుట్టూ పని ఆగిపోయాక, గుర్తులు పెట్టిన దారుల్లో. మీరు తొక్కుతున్నది పోస్తున్న గుట్ట మీద. డంపరు వదిలిన మట్టి అంచున కుదురుకోకుండా వదులుగా ఉంటుంది, వానాకాలం తర్వాత చీలిక పైకి కనిపించదు, పైగా బ్లాస్టింగూ డంపర్లూ ఉండనే ఉన్నాయి. వంద టన్నుల డంపరు డ్రైవరుకి కిందున్న సైకిలు కనపడదు. మట్టిలో కలిసిన బొగ్గు రగిలే చోట పైన గట్టిగానే ఉంటుంది, లోపల బూడిద.

కుదురుకున్నదనుకున్న నేల కూడా నమ్మకం కాదు. జర్మనీలోనే తూర్పు వైపు నాహ్‌టర్‌ష్టెట్ అనే ఊళ్ళో పాత లిగ్నైట్ ఓపెన్ కాస్టుని చెరువుగా మారుస్తున్నారు, 2009 జులై 18 తెల్లవారుజామున గట్టు జారి ఇళ్ళతో సహా చెరువులో పడింది, ముగ్గురు చనిపోయారు. అక్కడ ఇంజనీర్లూ లెక్కలూ లేక కాదు.

మీ ఉత్సాహం తప్పు కాదు, చోటు తప్పు. మన దగ్గర కూడా గని మూసేశాక నేలని ఎలా బాగుచేయాలో ముందే ప్లాన్ ఇచ్చి, అందుకు డబ్బు విడిగా ఎస్క్రో ఖాతాలో (ఆ పనికి తప్ప వాడకూడని ఖాతా) వేయాలని కేంద్ర బొగ్గు శాఖ 2009లోనే మార్గదర్శకాలు పెట్టింది. సింగరేణి పాత గుట్టల మీద మొక్కలు పెంచుతూనే ఉంది. ఆ ప్లాన్లలో చెట్లతో పాటు జనం తిరిగే దారి కూడా ఉండాలని అడగడానికి గ్రామసభలున్నాయి, ప్రజాభిప్రాయ సేకరణలున్నాయి. రీల్స్ పెట్టే చేత్తో ఒక అర్జీ పెట్టండి. బాగా కుదురుకుని చెట్లొచ్చిన గుట్ట ఏదైనా ఉంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకుని ఒక ఆదివారం సవారీ పెట్టండి, మేమూ వస్తాం. ఈలోపు మొరం దారులే కావాలంటే కరీంనగర్ వైపు కాకతీయ కాలువ గట్లు ఉన్నాయి, తెల్లారగట్ల ట్రాక్టర్లు కూడా తక్కువ. కాలువ నిండుగా ఉన్నప్పుడు అంచుకి పోకండి.

హైదరాబాద్‌లో ఇలాంటిదేమైనా ఉందా?
*మణికొండ*

ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ పైకప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు ఉంది, 2023లో తెరిచారు. ట్రాఫిక్ లేదు, నీడ ఉంది. కంకర కాదు, గనీ కాదు. అలవాటు చేసుకోవడానికి బాగుంటుంది, దృశ్యం కోసమైతే వెళ్ళకండి.

డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా లోకల్ రైళ్ళకీ బస్సులకీ చెల్లే నెలవారీ పాసు) మీద సైకిలు రైల్లో తీసుకెళ్ళొచ్చా? దారి తప్పితే ఫోను చూసుకుంటూ పోవాల్సిందేనా?
*ఒక విద్యార్థిని, బోఖుమ్*

సైకిలుకి వేరే టికెట్ కొనాలి, మీ టికెట్‌లో అది కలవదు. చోటు లేకపోతే ఎక్కించుకోకపోవచ్చు కూడా, ఆఫీసు వేళల్లో ప్రయత్నించకండి. దారికి ఫోను అక్కర్లేదు. కూడళ్ళలో ఎర్ర బోర్డు మీద అంకెలుంటాయి, ఒక అంకె నుంచి తర్వాతి అంకెకి బాణాలు చూపిస్తాయి. పొద్దున్న ఇంట్లోనే మ్యాపు చూసి మీ చుట్టులో వచ్చే అంకెలు వరసగా ఒక కాగితం మీద రాసి హ్యాండిల్‌కి టేపుతో అంటించండి. తొక్కుతూ ఫోను చేత పట్టుకుంటే జరిమానా కూడా ఉంది.

ఆ దారుల్లో నాలుగు వారాలు తొక్కేసరికి చైను కరకరలాడుతోంది. షాపువాడు చైనుతో పాటు వెనక పళ్ళ చక్రం కూడా మార్చాలంటున్నాడు. నిజమేనా?
*ఒక పాఠకుడు, ఒబర్‌హౌజెన్*

నాలుగు వారాలకే రెండూ పోయాయంటే ముందు కొలిచి చూపించమనండి. చైను సాగిందో లేదో చూసే చిన్న గేజి ప్రతి షాపులో ఉంటుంది, ఇంటికి కావాలన్నా పెద్ద ఖరీదు కాదు. గేజి దిగకపోతే అది సాగుడు కాదు, రాతి పొడి. ఆ సన్న పొడి నూనెతో కలిస్తే గరుకు ముద్దవుతుంది, చైను లింకుల్లో దూరి అరగదీస్తుంది, మీరు శబ్దం వస్తోందని ఇంకాస్త నూనె పోస్తారు, అది ఇంకాస్త పొడిని పట్టుకుంటుంది. ముందు పాత బనీను గుడ్డతో చైనుని గట్టిగా పట్టుకుని పెడలు వెనక్కి తిప్పుతూ నలుపు వదిలేదాకా తుడవండి, తర్వాత లింకుకి ఒక చుక్క చొప్పున నూనె, పావుగంట ఆగి పైన మిగిలిందంతా మళ్ళీ తుడిచేయండి. బయట తడి కనిపించకూడదు. కార్లు కడిగే ప్రెషర్ గన్ మాత్రం పెట్టకండి, బేరింగుల్లో గ్రీజు పోతుంది. ఇంత చేసినా కరకర తగ్గక, గేజి కూడా దిగిందంటే అప్పుడు షాపువాడి మాట వినండి.